ఎర్రదీపానికి కొసరు

నవ్వొస్తే ఆపుకోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. ఫిజియోథెరపీ చదువు పూర్తయి, వన్ టౌన్‌లో ఒక చిన్న క్లినిక్‌కి ఉద్యోగం కోసం వెళ్ళిన రోజున కూడా నవ్వాను. తప్పు నాది కాదు. అక్కడి డాక్టరుగారు ఎంతో గంభీరంగా ఒక అట్టపెట్టె తెరిచి, అందులోంచి రేడియో అంత డబ్బా, దానికి వేలాడుతున్న పెన్నులాంటి గొట్టం బయటికి తీసి "ఇది లేజరమ్మా" అన్నారు. లేజరంటే సినిమాల్లో విలను ఇనప తలుపులకి కన్నాలు పెట్టేదని నా లెక్క. ఈయన స్విచ్చి వేసి, గొట్టం చివర వెలిగిన ఎర్ర చుక్కని తన అరచేతి మీదే పెట్టుకుని "చూశావా, ఏమీ కాదు!" అని సంబరపడిపోయారు. ఏమీ కానప్పుడు కొనడం దేనికండీ అని అడగబోయాను. మాటకంటే ముందు నవ్వొచ్చేసింది. ఆయన కోప్పడలేదు. "ఏడుస్తూ వచ్చేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, నవ్వే మనిషి ఒకరుండాలి" అని ఉద్యోగం ఇచ్చేశారు.

తొంభైల చివరి రోజులవి. మేం స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్పులో ఉండేవాళ్ళం. నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి బ్లాస్ట్ ఫర్నేసులో చేరారు. ఇనుము నీళ్ళలా పారేచోట షిఫ్టులు మారుతూ డ్యూటీ చేసే మనిషికి నా మిషను సంగతి చెబితే ఇంకేముంది! "చెయ్యి పెట్టినా కాలదా? అదేం మిషనే తల్లీ, దానికంటే మీ అమ్మ వెలిగించే అగరొత్తి నయం" అన్నారు. అమ్మా నేనూ కంచాల ముందు పొలమారేదాకా నవ్వాం. కానీ లోపల్లోపల కొంచెం పౌరుషం కూడా వచ్చింది. ఆ మిషను పనిచేస్తుందని ఆయనకి ఎలాగైనా చూపించాలనుకున్నాను.

డాక్టరుగారు మాత్రం దాన్ని మనసారా నమ్మారు. నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ చిన్న చిన్న పొయ్యిలుంటాయమ్మా. ఒంటికి కావలసిన శక్తి అవే వండిపెడతాయి. దెబ్బ తగిలినచోట అవి నీరసపడిపోతాయి. ఈ ఎర్ర వెలుగు చర్మం దాటి లోపలికి పోయి వాటిని కాస్త రాజేస్తుంది. వేడితో కాదు, ఉత్త వెలుగుతోనే. వాపు తీస్తుంది, కొత్త రక్తనాళాలు పుడతాయి, పుండు పూడుతుంది. అందరికీ పనిచేస్తుందని ఒట్టు పెట్టి చెప్పను. కట్టు కట్టడం, మందులు వెయ్యడం మానకూడదు." ఏ బాధకి ఎన్ని నిమిషాలు పెట్టాలో తన దస్తూరీతో ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకి అంటించారు. మిఠాయికొట్టు వాళ్ళు ఇచ్చిన క్యాలెండరు తగిలించుకోవడానికి మేకు ఆ కాగితం మధ్యలోనే ఉంది. తగిలించింది నేనే. కాగితం కింది భాగం దేవుడి బొమ్మ వెనక్కి పోయింది. నిమిషాల పట్టిక పైన కనిపిస్తూనే ఉంది కదా అని ఊరుకున్నాను.

అసలు సందడంతా నల్లకళ్ళద్దాలతో వచ్చింది. కళ్ళకి ఆ వెలుగు తగలకూడదు కాబట్టి, మిషను వేసినంతసేపూ రోగీ నేనూ ఇద్దరం అద్దాలు పెట్టుకోవాలి. ఇక చూడండి! పోర్టులో బస్తాలు మోసి భుజం పట్టేసిన మనిషి అద్దాలు పెట్టుకోగానే నొప్పి మర్చిపోయి అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకునేవాడు. ఒక ఆటో ఆయన "మేడమ్, మా బావమరిది పెళ్ళి ఉన్నాది, ఒక్క పూటకి ఇత్తారేటి" అని అడిగాడు. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు తమ వంతు కోసం కాదు, తమ అద్దాల కోసం ఎదురుచూసేవాళ్ళు. నా నవ్వుకి అంతూ పొంతూ ఉండేది కాదు.

అలాంటి ఒక ఉదయం పిన్ని వచ్చింది. సొంత పిన్ని కాదు. ఫిషింగ్ హార్బరులో చేపలు కోసే మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. మొదటి రోజే "మేడమ్ గీడమ్ వొద్దు, నాను నిన్ను గుంటా అంతాను, నువ్వు నన్ను పిన్నీ అను" అని తేల్చేసింది. ఇక్కడివాళ్ళకి గుంటంటే ఆడపిల్ల. ఆమె కుడిచేతి చూపుడువేలికి జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. ఒంట్లో షుగరుందని ఆమెకి తెలియదు. పసుపు అద్దుకుని ఐసు నీళ్ళలో మళ్ళీ చెయ్యి పెట్టేసింది. రెండు నెలలకి వేలు కణుపు దగ్గర రూపాయి బిళ్ళంత పుండు మిగిలింది.

డాక్టరుగారు వేలిని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వు మానేశారు. "షుగరుకి మందు రాస్తున్నాను. రోజూ కట్టు, ఈ మిషను. ఆరు వారాలు చూస్తాను. అప్పటికి పూడకపోతే సర్జనుగారికి ఉత్తరం రాసి పంపిస్తాను. ఎముకకి పాకితే వేలు తీసెయ్యాల్సి వస్తుందమ్మా" అన్నారు.

"ఏలు తీసీత్తే మరి సేపల్నెవులు కోత్తారు బాబూ, నువ్వా?" అంది పిన్ని.

నేను ఫక్కుమన్నాను. డాక్టరుగారూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది గానీ, ఎడమచేత్తో ఆ వేలిని గట్టిగా పట్టుకునే ఉంది. చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచీ కత్తిపీట ముందు కూర్చున్న మనిషి. చేపని రెండు చేతులా పట్టి కత్తికి ఒత్తాలి, ఆ చూపుడువేలు మొప్పలోకి దూరి బిగిస్తేనే చేప జారదు. కోనాం చేప తలైనా టేకు చేప తోలైనా ఆ వరసలో ఆమెంత వేగంగా కోసేవాళ్ళు లేరని హార్బరంతా చెప్పుకుంటారు. ఇప్పుడు ఆమె చోట ఆమె చెల్లెలు కూర్చుంటోంది.

పుండుకి పట్టికలో ఉన్నది మూడు నిమిషాలు. మొదటి రోజు నల్లద్దాలు పెట్టి, గొట్టం పుండుకి తగలకుండా పైన పట్టుకున్నాను. పిన్ని ముక్కు చిట్లించింది. "సల్లగా ఉన్నాదేటి? మండదేటి? మందంటే మండాలి కదా!" అని గదమాయించింది. మూడు నిమిషాలవగానే మిషను కీచుమంది. నేను స్విచ్చి కట్టేశాను. పిన్ని చెయ్యి తియ్యలేదు.

"అయిపోయింది పిన్నీ."

"అయిపోడమేటి? కొసరేదీ?"

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. మా విశాఖలో చేపలు కొంటే తూకంతో బేరం తెగిపోదు. తూకమయ్యాక గుప్పెడు నెత్తళ్ళో నాలుగు రొయ్యలో పైన పడాలి. అది కొసరు. వెయ్యకపోతే కొన్నవాళ్ళు బుట్ట ముందునుంచి కదలరు, వేసేదాకా అమ్మినవాళ్ళకీ మనసొప్పదు. "ఇన్నేళ్ళలో నానెవుల్నైనా కొసరెయ్యకండా పంపినానేటి? ఎట్టు, ఎట్టు, సిటికెడు ఎట్టు" అని పిన్ని వేలు చాచుకుని కూర్చుంది, కళ్ళకి నల్లద్దాలు, ముక్కుకి రెండు వైపులా పుడకలు. నవ్వుతూనే గొట్టం మళ్ళీ ఎత్తాను. ఇంకో నిమిషం వేశాను.

అంతే, అది ఆచారమైపోయింది. రోజూ మిషను కీచుమనగానే పిన్ని "కొసరూ..." అని హార్బరులో కేకేసినట్టు రాగం తీసేది. బయటి బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ గొల్లుమనేవాళ్ళు. వెలుగుకి ఖర్చేముంది, కరెంటే కదా అనుకున్నాను. ఒక నిమిషం రెండైంది. పండగపూట మూడైంది. ఆమెని నవ్వించడం నాకు ఇష్టం, నన్ను నవ్వించడం ఆమెకి ఇష్టం. మధ్యలో వేలు ఒకటుందన్న సంగతి ఇద్దరం సగం మర్చిపోయాం.

మొదటి పది రోజులూ పుండు ముచ్చటగా తేరుకుంది. అంచులు గులాబీరంగు తిరిగాయి. నాన్నకి చెప్పి గర్వపడ్డాను కూడా. ఆ తర్వాత ఆగిపోయింది. నాలుగో వారానికి అంచులు పాలిపోయాయి, నడుమ చెమ్మ చెమ్మగా ఉండిపోయింది. డాక్టరుగారు షుగరు చూస్తే అదుపులోనే ఉంది. కట్టు శుభ్రంగానే ఉంది. ఆయన బుర్ర గోక్కున్నారు. "ఇంకో రెండు వారాలు చూసి సర్జనుగారికి రాసేద్దాం" అన్నారు.

ఆ మాట విన్నాక పిన్ని నవ్వుతూనే అడిగింది, కానీ గొంతు మారింది. "కొసరు ఎక్కువెయ్యే గుంటా. నీకు పున్నెముంటాది. ఏలు పోతే నానేటైపోవాలి? అందరూ కోత్తంటే సూత్తా కూకోవాలేటి?"

నాకు గుండె కరిగిపోయింది. మూడు నిమిషాలకి ఇంకో ఆరు కలిపాను. ఒకరోజు కొసరే తొమ్మిది నిమిషాలు. మేమిద్దరం భయపడిన కొద్దీ వెలుగు ఎక్కువ పోశాం.

నా కళ్ళు తెరిపించింది పద్మనాభం అనే ఊరి నుంచి వచ్చే ఒక రైతు. వరి కోతలో కొడవలి తగిలి పిక్క మీద పుండైంది, మానక మా దగ్గరికొచ్చాడు. ఆయనకీ షుగరే, ఆయనకీ మూడు నిమిషాలే. ఆ మనిషికి బస్సు భయం. రెండున్నర నిమిషాలవగానే పంచె సర్దుకునేవాడు. "ఒగ్గీండి మేడమ్, బస్సెల్లిపోతాది!" మిషను కీచుమనే సమయానికి మెట్ల మీద ఉండేవాడు. ఎన్నిసార్లు కేకలేశానో! అలాంటి మనిషి ఒకరోజు వచ్చి పిక్క చూపించాడు. శుభ్రంగా పూడిపోయింది, కొత్త చర్మం లేతగా మెరుస్తోంది. "ఇంక రాను మేడమ్, బస్సు సార్జీలు దండగ" అని దండం పెట్టి పరిగెత్తాడు.

నేను ఆయన్ని చూసి నవ్వుతూ ఉండగానే నవ్వు సగంలో ఆగిపోయింది. తక్కువ పెట్టించుకున్నవాడికి మానింది. ఎక్కువ పెట్టించుకున్న మనిషికి మానలేదు. లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండరు పైకెత్తాను. కింద డాక్టరుగారి దస్తూరీలో, ఎర్ర సిరాతో, కింద రెండు గీతలు గీసి మరీ రాసి ఉంది. మోతాదు మించితే వెలుగు పనిచెయ్యకపోవడమే కాదు, మానడాన్ని ఆపుతుంది.

డాక్టరుగారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. కొసరు సంగతి, క్యాలెండరు సంగతి, తొమ్మిది నిమిషాల సంగతి. ఉద్యోగం పోతుందని తెలిసే చెప్పాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. "పొయ్యి రాజుకోవడానికి ఊదుతాం. ఊపిరి బిగబట్టి అదేపనిగా ఊదితే ఆరిపోదూ? చూడు, రోజూ వెలుగు పెడుతున్న గదిలోకి నేనూ తొంగి చూడలేదు, అది నా తప్పు. పది రోజులు మిషను కట్టెయ్. ఉత్త కట్టు కడదాం. తర్వాత మూడంటే మూడే నిమిషాలు. సర్జనుగారికి రాసిపెట్టిన ఉత్తరం అన్నాళ్ళూ నా సొరుగులో ఉంటుంది" అన్నారు. నేను బయటికి వస్తుంటే మళ్ళీ పిలిచారు. "ఆవిడకి నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

మర్నాడు పొద్దున్నే హార్బరుకి వెళ్ళాను. పిన్ని చెల్లెలు కత్తిపీట మీద కూర్చుని కోస్తోంది. పిన్ని పక్కన చతికిలబడి, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "అలగ కాదే, తోక కాడ్నించి పట్టు!" అని అరుస్తోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "ఓలమ్మో, మా డాక్టరు గుంటొచ్చింది! సందువా సేప కావాలేటి?"

"పిన్నీ, నీ వేలు మానకపోవడానికి కారణం నేనే" అన్నాను. ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆ వెలుగు మోతాదు దాటితే చెరుపు చేస్తుందని, కొసరు వెయ్యకూడదని, గోడ మీద రాసి ఉన్నా నేను చదవలేదని.

చుట్టూ వేలంపాటల కేకలు, ఐసు పగలగొడుతున్న చప్పుడు. పిన్ని ఒళ్ళో ఉన్న వేలిని చూసుకుంది. మెల్లగా అంది. "ఒలే గుంటా, నా ఏలుతో ఆడుకున్నావేటి?"

"నాకు తెలీలేదు పిన్నీ..."

"నాకు తెల్దు. నాను సదూకోనేదు. నువ్వు సదూకున్నావు కదా?"

అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. గాజువాక బస్సులో కిటికీ వైపు తిరిగి ఇంటిదాకా ఏడ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంకో మాట లేదు.

ఆ పది రోజులూ పిన్ని కట్టు కోసం వచ్చింది గానీ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. చెయ్యి చాచేది, గోడకేసి చూసేది, వెళ్ళిపోయేది. క్లినిక్ మూగబోయింది. పదకొండో రోజు మిషను మళ్ళీ తీశాను. పిన్ని నల్లద్దాలు తనే పెట్టుకుంది. మూడు నిమిషాలకి మిషను కీచుమంది. నేనింకా స్విచ్చి కట్టకముందే, వేడి పెనం తగిలినట్టు చెయ్యి లాగేసుకుంది.

ఇంకో నాలుగు రోజులకి పెందుర్తి నుంచి ఒక మామ్మగారు మోకాళ్ళ నొప్పితో వచ్చారు. పేరుపడ్డ పిన్ని కొసరు సంగతి ఎక్కడ విన్నారో ఏమో, మిషను ఆగగానే "అమ్మాయ్, నాకూ ఓ నిమిషం కొసరెయ్" అన్నారు. నేను నోరు తెరిచేలోగా బయటి బల్ల మీంచి పిన్ని లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కొసరేటి? ఈ ఎర్రదీపం కాడ కొసరుండదు! గోడమీద కాయితం నేదేటి? ఎర్రగ రాసున్నాది, సదూకో!" అని గర్జించింది.

మామ్మగారు హడలిపోయి కాళ్ళు ముడుచుకున్నారు. చదువురాని పిన్ని కాగితం వైపు వేలు చూపిస్తూ అలాగే నిలబడింది. చూపిస్తున్నది ఆ కట్టుకట్టిన వేలే. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కున్నాను. పిన్ని ఓరగా నా వైపు చూసింది.

"నవ్వీయే. బిగబడితే సచ్చిపోతావు" అంది.

ఇద్దరం నవ్వాం. మామ్మగారు కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

పుండు పూడుతూ వచ్చింది. ముందు చెమ్మ ఆరింది, తర్వాత అంచులు దగ్గరయ్యాయి, చివరికి మినపగింజంత మిగిలి, అదీ మూసుకుపోయింది. డాక్టరుగారు భూతద్దం పెట్టి చూసి, సొరుగులోంచి సర్జనుగారి ఉత్తరం తీసి చింపేశారు. "ఇది వెలుగు చేసిందా, షుగరు మందు చేసిందా, చెయ్యి ఐసుకి దూరంగా ఉండడం చేసిందా అంటే నేను చెప్పలేనమ్మా. మొత్తానికి మానింది" అన్నారు. పిన్ని ఆయన మాట నమ్మలేదు. "నువ్వు సెప్తే సరిపోదు బాబూ. ఉప్పు సెప్పాలి" అంది.

చేపలు కోసేవాళ్ళ పరీక్ష అది. చేతికి ఎంత చిన్న గాయమున్నా, ఎండబెట్టే చేపలకి పట్టించే రాతిఉప్పులో చెయ్యి పెడితే ప్రాణం పోయినంత మంట. మండకపోతేనే మానినట్టు. మండితే మళ్ళీ కత్తిపీట ముట్టుకోకూడదు.

ఆ ఆదివారం పొద్దున్న డాక్టరుగారూ నేనూ హార్బరుకి వెళ్ళాం. నాన్న కూడా "ఆ అగరొత్తి సంగతేంటో చూస్తాను" అని వెంట వచ్చారు. వరసలోని ఆడవాళ్ళందరూ కత్తిపీటలు వదిలేసి గుమిగూడారు. పిన్ని ఉప్పుబుట్ట ముందు కూర్చుంది. చెంగు నడుముకి దోపుకుంది. ఒక్క చీలిక మిగిలి ఉన్నా నేను చేసిన చెరుపు చెరుపుగానే మిగిలినట్టు. పిన్ని మా ముఖాలు ఒక్కొక్కటీ చూసి, కళ్ళు మూసుకుని, చెయ్యి మణికట్టుదాకా ఉప్పులో గుచ్చేసింది.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత "ఓలమ్మో! ఓలమ్మోలమ్మో!" అని గావుకేక పెట్టి వెనక్కి విరుచుకు పడింది.

డాక్టరుగారు ముందుకి ఉరికారు. నాన్న నీళ్ళు, నీళ్ళు అని అరిచారు. పిన్ని ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. వెల్లకిలా పడుకునే, బొజ్జ ఎగిరెగిరిపడేలా నవ్వడం మొదలుపెట్టింది. "మండనేదర్రా! సిటికెడు మండనేదు! ఈల్ల మొకాలు సూడండి, ఈల్ల మొకాలు!"

హార్బరు హార్బరంతా నవ్వింది. నేను మాత్రం రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని భోరుమన్నాను. పిన్ని లేచింది, నా చేతులు విడదీసింది. "ఏడుపేటే గుంటా, ఇదిగో, నా ఏలు నాకున్నాది" అంటూ ఆ చూపుడువేలితోనే, ఉప్పు దులుపుకోకుండా, నా కళ్ళు రెండూ తుడిచేసింది. భగ్గుమని మండిపోయాయి. "ఉప్పు పిన్నీ, ఉప్పు!" అని నేను గంతులేస్తుంటే, ఆమె అప్పటికే చెల్లెల్ని పక్కకి తోసి కత్తిపీట మీద కూర్చుంటూ, కోనాం తీసుకురమ్మని కేకేస్తోంది.